ఒంటి మీద కోపం పెంచుకోకుండా బరువు తగ్గడం ఎలా?

బరువు తగ్గాలని ఉందంటే కొందరు "నీ శరీరాన్ని నువ్వే అవమానించుకుంటున్నావు" అంటారు, తగ్గాలని లేదంటే ఇంకొందరు "ఆరోగ్యం మీద శ్రద్ధే లేదు" అంటారు, మధ్యలో వెల్‌నెస్ పేరుతో టీలూ పొడులూ అమ్మేవాళ్లు దూరి "నిన్ను నువ్వు ప్రేమించుకో, అందుకే ఇది కొనుక్కో" అంటారు. ఈ మూడోవాళ్లని ముందే పక్కన పెట్టేయండి. ఒంట్లో వ్యర్థాల్ని బయటికి పంపే పని కాలేయం, కిడ్నీలు చేస్తూనే ఉంటాయి, విరేచనాలయ్యే టీ తాగితే తగ్గేది నీరే, కొవ్వు కాదు.

ముందు కారణం తేల్చుకోండి. ఎందుకు తగ్గాలనుకుంటున్నారో కాగితం మీద రాయండి. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, మోకాళ్లు లాగుతున్నాయి, షుగర్ బోర్డర్‌లో ఉంది అని వస్తే అది ఒక రకం. ఫోటోలో నన్ను నేను చూసుకోలేకపోతున్నా, ఫలానావాళ్లు మాటన్నారు అని వస్తే ఇంకో రకం. రెండోది కూడా నిజమైన బాధే, దాన్ని తీసిపారేయను. కానీ ఆ బాధ కిలోలతో పోదు, అయిదు తగ్గాక అద్దంలో ఇంకో లోపం కనపడుతుంది. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి కాబట్టి, మొదటిదాని కోసం పని మొదలుపెట్టండి, రెండోదాని గురించి మిమ్మల్ని తూచకుండా వినే మనిషితో మాట్లాడండి.

తర్వాత ఆరోగ్యం నిజంగా ఎలా ఉందో చూసుకోండి. బరువుని ఎత్తుతో పోల్చి వేసే లెక్క బీఎంఐ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దు. ఆ లెక్క 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే జనాభా సగటుల కోసం వేసింది, బీఎంఐ అన్న పేరు 1972లో ఆన్సెల్ కీస్ పెట్టాడు. మీలో కండ ఎంతో, కొవ్వు ఎంతో, ఆ కొవ్వు ఎక్కడ పేరుకుందో అది చెప్పదు. టేపు తీసుకుని నడుము కొలవండి: అన్నిటికన్నా కింద ఉన్న పక్కటెముకకీ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, కడుపు లోపలికి పీల్చకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. ఆ కొలత ఎత్తులో సగం కన్నా తక్కువ ఉంటే మంచిది, అంటే 160 సెంటీమీటర్ల ఎత్తున్నవాళ్లకి 80 లోపు. దాంతోపాటు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. బరువు ఉన్నట్టుండి పెరిగితే థైరాయిడ్ గురించీ, వాడుతున్న మందుల గురించీ అడగండి, స్టెరాయిడ్ల వల్లా కొన్ని మానసిక సమస్యల మందుల వల్లా బరువు పెరుగుతుంది. అలాగని మీ అంతట మీరే మాత్రలు ఆపేయొద్దు.

ఏ నొప్పితో వెళ్లినా "ముందు బరువు తగ్గండి" అని పంపించేసే డాక్టర్ తగిలితే, "సన్నగా ఉన్న మనిషి ఇదే నొప్పితో వస్తే ఏ పరీక్షలు రాస్తారో అవి నాకూ రాయండి" అని మర్యాదగానే, గట్టిగా అడగండి. 1969 నుంచీ అమెరికాలో లావుగా ఉన్నవాళ్లు సంఘం పెట్టుకుని వివక్ష వద్దని పోరాడుతున్నారు, ఈరోజు బాడీ పాజిటివిటీ (ఒళ్లు ఎలా ఉన్నా గౌరవించాలి అనే ఆలోచన) అంటున్నదానికి ఒక మూలం అక్కడ ఉంది. అందుకే నా దృష్టిలో ఈ మాట అడగడం అద్దం ముందు నిలబడి నేను అందంగా ఉన్నాను అనుకోవడం కన్నా పెద్ద పని.

తగ్గాలనే నిర్ణయించుకుంటే లక్ష్యం చిన్నది పెట్టుకోండి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగర్ మెరుగుపడతాయి, 90 కిలోలున్నవాళ్లకి అది నాలుగున్నర కిలోలతో మొదలు. షుగర్ వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ల మీద జరిగి 2002లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. వారానికి అర కిలో నుంచి కిలో చాలు. వారంలో రెండు రోజులు కండలకి పనిచెప్పే వ్యాయామం కూడా చేయండి, లేకపోతే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది.

ఆకలితో మాడొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. 1944-45లో మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి ఆరు నెలల పాటు దాదాపు సగం తిండే పెట్టి చూశారు (నడిపించింది పైన చెప్పిన కీస్). వాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది, కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, ప్రయోగం అయిపోయాక ఆగలేక తిన్నవాళ్లూ ఉన్నారు. డైట్ మధ్యలో వదిలేసినప్పుడు "నాకు మనోబలం లేదు" అని తిట్టుకునే ముందు ఇది గుర్తుచేసుకోండి. బరువు తగ్గినప్పుడు కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. డాక్టర్ రాసిన మందులు వాడి తగ్గించుకోవడంలో కూడా సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కాకపోతే ఆపాక బరువు చాలావరకు తిరిగి రావచ్చని ముందే తెలిసుండాలి.

తూకం రోజూ చూడకండి. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం ప్రతి గ్రాముతో దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా నీరు చేరుతుంది, అందుకే రాత్రికి రాత్రి కిలో పెరిగినట్టు కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు. మొదలుపెట్టే ప్రతి అలవాటునీ ఒక ప్రశ్నతో పరీక్షించండి: ముల్లు అస్సలు కదలకపోయినా ఇది కొనసాగిస్తానా? నడక, నిద్ర, కడుపునిండా తినే మంచి భోజనం ఈ పరీక్షలో నెగ్గుతాయి. శిక్షలా అనిపించేవి నెగ్గవు, వదిలేయండి.

బట్టలు ఇప్పటి కొలతకి కొనుక్కోండి. తగ్గాక వేసుకుందామని బిగుతు ప్యాంటు కళ్లెదుట తగిలించుకుంటే రోజూ పొద్దున్నే అది వెక్కిరిస్తుంది. ఎవరైనా తగ్గితే "ఎంత బాగున్నావో" అని పొగడకండి, వాళ్లు జబ్బుతో తగ్గారేమో. మీ గురించి ఎవరైనా ఎత్తితే "నా బరువు గురించి వద్దు, ఇంకేదైనా మాట్లాడుకుందాం" అనేయండి, వివరణ అక్కర్లేదు.

దాచుకుని తినడం, తిన్నాక కక్కేయడం, నెలసరి ఆగిపోవడం, రోజంతా క్యాలరీల లెక్కే తిరగడం, వీటిలో ఏది కనపడినా డైట్ అక్కడితో ఆపి డాక్టర్‌నో సైకాలజిస్ట్‌నో కలవండి. ఇంతకుముందు ఇలాంటి సమస్య వచ్చినవాళ్లు డాక్టర్ లేదా సైకాలజిస్ట్ సలహా లేకుండా అసలు మొదలుపెట్టొద్దు, తూకం మెషిన్ ఇంట్లో ఉంచుకోవద్దు, క్లినిక్‌లో తప్పనిసరిగా చూడాల్సి వస్తే అంకెకి వీపు పెట్టి నిలబడి, పైకి చదవొద్దని ముందే చెప్పండి.