తయారీ ఆపేసిన మోడలింగ్ ఆంప్ చవకగా కనిపిస్తోందా? ఏ లక్షణం ఉంటే తీసుకోవచ్చు, ఏది ఉంటే వదిలేయాలి

గిటార్ మోడలింగ్ ఆంప్ అంటే రకరకాల ఆంప్‌ల సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే ఆంప్. దాని లోపల రెండు రకాల సామాను ఉంటుంది. ఒకటి మామూలు ఆంప్ సరుకు, అంటే జాక్‌లు, నాబ్‌లు, పవర్ సప్లై, స్పీకర్. రెండోది డీఎస్పీ చిప్, అంటే సౌండ్‌ని డిజిటల్‌గా మార్చే ప్రాసెసర్, ఉన్న డిజిటల్ బోర్డు. మొదటిది పాడైతే కాస్త సోల్డరింగ్ వచ్చిన ఎవరైనా బాగు చేస్తారు, పార్టులు బయట దొరుకుతాయి. రెండోది పోతే ఆ బోర్డు తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఇంకో పాడైన ఆంప్ కొని దాన్నుంచి పీకాల్సిందే. అమ్మేవాళ్లు రెండింటికీ ఒకటే మాట రాస్తారు, "పనిచేయట్లేదు" అని. లాభమైనా నష్టమైనా అక్కడే ఉంది.

సమస్య: ఎక్కడ చూసినా రేటు ఎక్కువే

కారణం చాలాసార్లు మనం చూసేది అడిగే రేటు, అమ్ముడుపోయిన రేటు కాదు. నెలల తరబడి అమ్ముడుపోకుండా పడి ఉన్న లిస్టింగ్ కూడా మార్కెట్ రేటులాగే కనిపిస్తుంది. అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టి చూడండి, తర్వాత మోడల్ పేరుతో పాటు "పార్టుల కోసం", "సౌండ్ లేదు" లాంటి మాటలతో, పేరు స్పెల్లింగ్ తప్పుగా రాసి కూడా వెతకండి. ఇంకోటి, కొత్త తరం వచ్చాక పాతదాన్ని వదిలించుకునేవాళ్లు ఎక్కువవుతారు. యమహా టీహెచ్ఆర్10 2011లో వచ్చింది, దాని రెండో తరం 2019లో. బ్లూటూత్ కావాల్సినవాళ్లు కొత్తదానికి వెళ్లారు, ఇంట్లో ప్రాక్టీసుకి మాత్రం నా లెక్కలో పాతదే చాలు. అయితే అది 8 ఏఏ బ్యాటరీలతో కూడా నడుస్తుంది కాబట్టి బ్యాటరీ అర తెరిచి ఫొటో అడగండి, బ్యాటరీలు లోపలే మర్చిపోతే కారి కాంటాక్టులు తినేస్తాయి.

సమస్య: లైట్లు వెలుగుతాయి, స్పీకర్లో సౌండ్ మాత్రం రాదు

నాకు బాగా ఇష్టమైన సమస్య ఇదే, ఎందుకంటే చూడ్డానికి చచ్చిపోయినట్టే ఉంటుంది కానీ చాలాసార్లు బతికే ఉంటుంది. ముందు హెడ్‌ఫోన్స్ పెట్టి వినండి. హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ శుభ్రంగా వస్తుంటే డీఎస్పీ బాగానే ఉన్నట్టు, అంటే ఖరీదైన భాగం క్షేమం. ఇక మిగిలింది హెడ్‌ఫోన్ జాక్, పవర్ ఆంప్, స్పీకర్, వాటి వైర్లు.

మొదట అనుమానించాల్సింది హెడ్‌ఫోన్ జాక్‌నే. ప్లగ్ పెట్టగానే స్పీకర్‌ని కట్ చేయడానికి దాని లోపల చిన్న స్విచ్ కాంటాక్ట్ ఉంటుంది, ఏళ్లు గడిచాక అది ఆక్సిడైజ్ అయి ప్లగ్ తీసేసినా ఇంకా ఉందనే అనుకుంటుంది. ప్లగ్‌ని ఓ పది ఇరవైసార్లు లోపలికి బయటికి తోయండి, కొంచెం కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మళ్లీ అలాగే చేయండి. ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్ట్ పెడల్స్ కలిపే సెండ్, రిటర్న్ జాక్‌లు) ఉన్న మోడల్ అయితే అక్కడా ఇదే జబ్బు వస్తుంది, సెండ్ నుంచి రిటర్న్‌కి ఒక చిన్న కేబుల్ కలిపి చూడండి, అప్పుడు సౌండ్ వచ్చిందంటే రిటర్న్ జాక్ కాంటాక్ట్ మురికిదని తేలిపోయినట్టే.

అవేవీ కాకపోతే పవర్ ఆపేసి స్పీకర్ వైర్ ఒకటి విప్పి మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్ స్పీకర్ అయితే మీటర్‌లో 6 దగ్గర చూపించడం మామూలే, ఓపెన్ చూపిస్తే కాయిల్ తెగింది. స్పీకర్ మార్చడం తేలికే, కానీ దాని ధర ఆంప్ ధరలో కలిపి లెక్క వేసుకోండి, అప్పుడు బేరం అనిపిస్తుందో లేదో చూడండి.

సమస్య: నాబ్ ముట్టుకోకుండానే వాల్యూమ్ ఎగురుతుంది, ఆంప్ మోడల్ దానంతటదే మారిపోతుంది

దీన్ని చూసి చాలామంది ప్రాసెసర్ పోయిందనుకుని తక్కువకి అమ్మేస్తారు. పాత అనలాగ్ ఆంప్‌లో పాట్‌కి, అంటే నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్‌కి, దుమ్ము పడితే చరచర శబ్దం వస్తుంది, ఎందుకంటే గిటార్ సిగ్నల్ దానిగుండానే వెళ్తుంది. మోడలింగ్ ఆంప్‌లో చాలా నాబ్‌లు ప్రాసెసర్‌కి ఒక వోల్టేజ్ మాత్రమే చెప్తాయి, దుమ్ము పడితే ఆ వోల్టేజ్ వణుకుతుంది, ప్రాసెసర్ పాపం ఎవరో నాబ్ తిప్పుతున్నారనుకుంటుంది. క్లీనర్ కొట్టి ఈ చివర నుంచి ఆ చివరకి బాగా తిప్పితే చాలావరకు పోతుంది. చివర్లు లేకుండా తిరుగుతూనే ఉండే నాబ్ అయితే అది ఎన్‌కోడర్, ముందుకి తిప్పితే వెనక్కి పోతుంటే అరిగిపోయినట్టు, మార్చాలి. 2001 నాటి ఫెండర్ సైబర్ ట్విన్‌లో మాత్రం ప్రీసెట్ (సేవ్ చేసి పెట్టుకున్న సెట్టింగుల సెట్) మార్చగానే నాబ్‌లే మోటార్‌తో తిరుగుతాయి, అది జబ్బు కాదు, దాని గొప్ప. ఆ మోటార్లు ఆగిపోయి ఉంటే మటుకు నేనైతే జోలికి పోను.

సమస్య: హమ్

వాల్యూమ్ సున్నాకి తెచ్చినా అదే స్థాయిలో హమ్ ఉంటే పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు, పార్టులు చవక, పని తెలిసినవాళ్లతో చేయించండి. ప్లగ్ తీసేసినా అవి చార్జ్ పట్టుకునే ఉంటాయి, లైన్ 6 స్పైడర్ వాల్వ్ లాంటి ట్యూబ్ పవర్ ఉన్నవాటిలో అయితే వందల వోల్టులు. వాల్యూమ్‌తో పాటు హమ్ పెరుగుతుంటే ముందు కేబుల్, గిటార్ మార్చి చూడండి, ఆంప్‌ని తిట్టే ముందు.

సమస్య: ఆఫ్ చేస్తే సేవ్ చేసిన ప్రీసెట్‌లు ఎగిరిపోతాయి

పాత యూనిట్లు కొన్నింటిలో మెమరీని నిలబెట్టేది సీఆర్2032 లాంటి 3 వోల్టుల కాయిన్ బ్యాటరీ. కొత్తది వేశాక ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, లేకపోతే మెమరీలో చెత్త మిగిలి వింతగా ప్రవర్తిస్తుంది.

సమస్య: కంప్యూటర్ గుర్తించట్లేదు

కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేదేమో చూడండి, తర్వాత యూఎస్‌బీ సాకెట్ ఊగుతోందేమో చూడండి. రెండూ బాగుంటే అసలు దోషి సాఫ్ట్‌వేర్. పాత ఫెండర్ మస్టాంగ్ ఆంప్‌ల సెట్టింగులు కంప్యూటర్‌లో మార్చే ఫ్యూజ్ అనే ప్రోగ్రాంకి మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ కావాలి, దానికి సపోర్ట్ 2021 అక్టోబర్‌లో ఆగిపోయింది. మాక్‌లో 2019 నాటి కాటలీనా నుంచి 32 బిట్ ప్రోగ్రాములు అసలు తెరుచుకోవు. పాత ల్యాప్‌టాప్ ఒకటి పక్కన పెట్టుకుంటే సరిపోతుంది, మస్టాంగ్‌కి అయితే ప్లగ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం కూడా ఉంది. అందుకే కొనేముందు అడగాల్సింది, కంప్యూటర్ లేకుండా ప్యానెల్ మీద నుంచి ఎన్ని సెట్టింగులు అందుతాయి అని. చిన్న మోడల్స్‌లో కొన్ని ఎఫెక్టుల లోతైన సెట్టింగులు సాఫ్ట్‌వేర్‌లోనే దాగి ఉంటాయి, ఆ సంగతి లిస్టింగ్‌లో ఎవరూ రాయరు.

సమస్య: ఆన్ చేస్తే లోగో దగ్గరే ఆగిపోతుంది, లేదా డిస్‌ప్లేలో పిచ్చి అక్షరాలు

ఫ్యాక్టరీ రీసెట్, కదిలిపోయిన రిబ్బన్ కేబుల్‌ని సరిగ్గా నొక్కడం, ఫర్మ్‌వేర్ ఫైల్ ఇంకా దొరికితే మళ్లీ ఎక్కించడం, ఈ మూడే మన చేతిలో ఉన్నవి. మూడూ విఫలమైతే బోర్డు పోయినట్టే అనుకోండి, స్పీకర్, పెట్టె విలువకి మించి పైసా ఇవ్వొద్దు.

సమస్య: ఆన్ చేయగానే ఫ్యూజ్ పోతుంది

120 వోల్టుల దేశం నుంచి వచ్చినదాన్ని 230లో పెట్టి ఉంటారు. వెనక ప్లేట్ మీద రాసిన వోల్టేజ్ చదవండి. ఒక్క ఫ్యూజ్‌తో బయటపడితే అదృష్టం, ఆ తర్వాత స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద వాడుకోవాలి. ఫ్యూజ్ మార్చాక మళ్లీ పోతే లోపల ఏదో షార్ట్ ఉంది, ఇంకా పెద్ద ఫ్యూజ్ వేసి చూద్దాం అనుకోవద్దు.

దూరం నుంచి కొంటున్నారా, అయితే ఫొటోలతో సరిపెట్టుకోకుండా ఒక వీడియో అడగండి, కట్ లేకుండా: ఆన్ చేయడం, హెడ్‌ఫోన్ పెట్టి తీయడం, ప్రతి నాబ్ చివరి వరకు తిప్పడం, ఒక ప్రీసెట్ సేవ్ చేసి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయడం. ఫుట్‌స్విచ్ కూడా ఇస్తున్నారా అని అదే మెసేజ్‌లో అడిగేయండి, విడిగా కొనాల్సి వస్తే మిగిలిన డబ్బంతా దానికే పోయే ప్రమాదం ఉంది.