అమ్మకు కింది బెర్త్ దొరకాలంటే

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఏడాదికి మూడు నాలుగుసార్లు సామర్లకోట నుంచి సికింద్రాబాద్ వస్తుంది. టికెట్ తీసేది నేనే. ఒకప్పుడు నాన్న తెల్లవారకముందే స్టేషన్‌కి వెళ్లి లైన్లో నిలబడేవారు. 2002లో రైల్వే టికెట్లు అమ్మే సంస్థ ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ బుకింగ్ మొదలుపెట్టిన కొత్తలోనూ టికెట్ కొరియర్లో రావాల్సిందే. ఇప్పుడు ఇంట్లో కూర్చునే తీసుకుంటున్నాం. ఎలా తీయాలో తెలియకపోతే మాత్రం పెద్దవాళ్లే ఇబ్బంది పడతారు.

రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. సంక్రాంతికి జనవరి 12న బయల్దేరాలంటే నవంబరు 13 పొద్దున్నే ఫోన్ పట్టుకోవాలి. ముందు రోజు రాత్రే ప్రయాణికుల పేర్లు, వయసులు మీ ఐఆర్‌సీటీసీ ఖాతాలోని మాస్టర్ లిస్టులో (ముందే దాచుకునే పేర్ల జాబితా) పెట్టేసుకోండి. ఖాతాకు ఆధార్ కూడా జతచేసుకోండి. తత్కాల్‌కి, అంటే ప్రయాణానికి ముందు రోజు తీసే టికెట్‌కి, 2025 జులై నుంచి అది తప్పనిసరి.

ఇక బెర్త్ సంగతి. చాలామంది అమ్మానాన్నలతో పాటు పిల్లల్నీ కలిపి ఒకే టికెట్ మీద తీసేస్తారు. అక్కడే కింది బెర్త్ చేజారేది. కోటా అని ఉన్నచోట జనరల్ బదులు 'లోయర్ బెర్త్, సీనియర్ సిటిజన్' ఎంచుకోండి. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 ఏళ్లు నిండితే చాలు. అయితే ఆ టికెట్ మీద ఒకరు గానీ ఇద్దరు గానీ మాత్రమే ఉండాలి. అందుకే అమ్మకు వేరే టికెట్, మాకు వేరే. అలా కుదరకపోతే జనరల్ కోటాలోనే 'కనీసం ఒక లోయర్ బెర్త్ ఇస్తేనే బుక్ చేయి' అనే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టండి.

తేదీ దగ్గర మరీ జాగ్రత్త. ఒకసారి పెద్దమ్మకు రాత్రి 12:20 రైలుకి 14వ తేదీ టికెట్ తీశాను. ఆవిడ 14 రాత్రి భోంచేసి, సంచులు సర్దుకుని స్టేషన్‌కి వెళ్లింది. రైలు ముందు రాత్రే వెళ్లిపోయింది. ప్లాట్‌ఫాం మీద నుంచి ఆవిడ ఫోన్ చేసినప్పటి గొంతు ఇంకా మర్చిపోలేదు. అప్పటి నుంచి "13 రాత్రి అన్నం తినగానే బయల్దేరాలి" అనే చెబుతున్నాను, తేదీ ఒక్కటే చెప్పి ఊరుకోను.

ఆన్‌లైన్ టికెట్‌లో అందరి పేర్లూ చార్ట్ (రైలు బయల్దేరే ముందు వేసే తుది బెర్తుల జాబితా) పడ్డాక కూడా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే అది దానంతటదే రద్దయిపోతుంది. కొంత ఛార్జీ పోను డబ్బు వెనక్కి వస్తుంది. దాంతో రైలెక్కకూడదు, ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క. ఆర్ఏసీ, అంటే ఎవరైనా రద్దు చేసుకుంటే బెర్త్ దొరికే టికెట్, అయితే ఎక్కొచ్చు. కానీ కూర్చునే చోటే ఖాయం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను అలా పంపాలంటే నాకు మనసొప్పదు.

చార్ట్ వచ్చాక అమ్మకు ఫోన్ చేసి కోచ్, బెర్త్ నంబరు చెబుతాను. ఆవిడ క్యాలెండర్ వెనక పెద్ద అంకెలతో రాసుకుని, ఆ ముక్క చింపి, అసలు ఆధార్ కార్డుతో కలిపి పర్సులో పెట్టుకుంటుంది.