అకౌస్టిక్ గిటార్‌కి లైట్ గేజ్ స్ట్రింగ్స్ ఎలా ఎంచుకోవాలి?

గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో వేళ్ల చివర్లు మండిపోతున్నాయనో, ఎఫ్ కార్డ్ ఎంత నొక్కినా పలకడం లేదనో అంటే చాలు, అందరూ చెప్పేది ఒకటే: లైట్ స్ట్రింగ్స్ వేసుకో. మంచి సలహానే గానీ అందులో చెప్పనిది చాలా ఉంది. ప్యాకెట్ మీద లైట్ అని ఉన్నవన్నీ ఒకే లావు (గేజ్ అంటే ఈ లావే) కావు, పైగా చాలామందికి నొప్పి వచ్చేది స్ట్రింగ్స్ వల్ల కాదు, గిటార్ సెటప్, అంటే స్ట్రింగ్స్ ఎత్తు, మెడ వంపు లాంటివి, సరిగ్గా లేక. అందుకే ముందు గిటార్‌ని చూడండి, తర్వాత స్ట్రింగ్స్ కొనండి.

మీది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే ఇక్కడే ఆగిపోండి. దానికి స్టీల్ స్ట్రింగ్స్ ఎంత సన్నవైనా వేయకూడదు, ఆ లాగుడికి బ్రిడ్జ్ (పైపలక మీద స్ట్రింగ్స్ బిగించే చెక్క ముక్క) ఊడి రావచ్చు.

స్టీల్ తీగలదే అయితే ఒక స్టీల్ స్కేలు తీసుకోండి. 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర ఫ్రెట్ పైభాగం నుంచి స్ట్రింగ్ అడుగు వరకు ఎంత ఎత్తుందో కొలవండి. లావుగా ఉండే ఆరో స్ట్రింగ్ దగ్గర సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్నటి మొదటి స్ట్రింగ్ దగ్గర 2 లేదా అంతకంటే కాస్త తక్కువ ఉంటే బాగున్నట్టే. 3.5, 4 దాకా ఉంటే మాత్రం ఏ స్ట్రింగ్స్ వేసినా వేళ్లు నొప్పెడతాయి. చెన్నైలో ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి, ఎందుకంటే ఇక్కడి తేమకి చెక్క ఉబ్బి గిటార్ పైపలక కాస్త పైకి లేస్తుంది, దాంతో పాటు స్ట్రింగ్స్ కూడా లేస్తాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు పడే నెలల్లో, వేసవిలో బాగున్న గిటార్ కూడా నొక్కడానికి బరువెక్కినట్టు అనిపించడానికి కారణం ఇదే.

ఇంకో చిన్న పరీక్ష ఉంది, దీనికి కళ్లు చాలు. ఒక స్ట్రింగ్‌ని రెండో, మూడో ఫ్రెట్‌ల మధ్య నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో దగ్గరగా వంగి చూడండి. వెంట్రుకవాసి సందు ఉండాలి, రెండో చేతి వేలితో అక్కడ తడితే చిన్నగా టిక్ మనాలి. సందు దూరం నుంచే తెలుస్తోందంటే నట్ (మెడ పైచివర స్ట్రింగ్స్ ఆనుకునే గాడుల పట్టీ) ఎత్తుగా ఉన్నట్టు. ఎఫ్ కార్డ్ సరిగ్గా అక్కడే పట్టుకోవాలి కాబట్టి బాధంతా అక్కడే తెలుస్తుంది. నట్ అరగదీయడం ఇంట్లో చేసే పని కాదు, ఒక్క గీత ఎక్కువైతే మళ్లీ కొత్త నట్ వేయాల్సిందే, సెటప్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

ఇప్పుడు స్ట్రింగ్స్. ప్యాకెట్ మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు వదిలేసి అంకెలు చూడండి. అవి అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటాయి: 10-47 అంటే మొదటి స్ట్రింగ్ 0.010 అంగుళం, ఆరోది 0.047 అంగుళం. మామూలుగా దొరికే సెట్లు 10-47, 11-52, 12-53, 13-56. పేర్లను నమ్మొద్దని ఎందుకంటున్నానంటే, డాడారియో వాళ్లు లైట్ అనేది 12-53, ఎర్నీ బాల్ ఎర్త్‌వుడ్‌లో లైట్ అంటే 11-52. షాపులో లైట్ ఇవ్వండి అనకుండా లెవెన్ గేజ్ సెట్ కావాలని అడగండి, మౌంట్ రోడ్‌లో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్‌లో అయినా, మీ వీధి చివర చిన్న షాపులో అయినా.

వెయ్యో వంతు తేడా ఏం లెక్క అనుకోకండి. ఒకే గిటార్ మీద, ఒకే శ్రుతిలో, స్ట్రింగ్ లాగుడు (టెన్షన్) దాని మందం వర్గాన్ని, అంటే మందాన్ని మందంతోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి మారుతుంది. మొదటి స్ట్రింగ్ 12 నుంచి 11కి దిగితే టెన్షన్ 16 శాతం తగ్గుతుంది, 10కి దిగితే ఏకంగా 30 శాతం. వేళ్లకి ఎంత హాయిగా ఉంటుందో గిటార్ గొంతు కూడా అంత పలచబడుతుంది, ఎందుకంటే పైపలకని కదిలించేది ఆ లాగుడే.

అందుకే నా మాట: ఒక్క మెట్టు దిగండి, రెండు వద్దు. డ్రెడ్‌నాట్ లాంటి పెద్ద గిటార్‌కి 12 ఉంటే 11-52 వేయండి, కార్డ్స్ పట్టి పాడుకునేవాళ్లకి చాలావరకు ఇది సరిపోతుంది. 10-47 ఎవరికంటే, చిన్న బాడీ గిటార్ ఉన్నవాళ్లకి, పిల్లలకి, ఎక్కువగా వేళ్లతో మీటేవాళ్లకి, స్ట్రింగ్‌ని పక్కకి లాగి గమకాలు పలికించాలనుకునేవాళ్లకి. పిక్‌తో గట్టిగా స్ట్రమ్ చేసే అలవాటుంటే 10 బాగుండదు, ఫ్రెట్‌లకి తగిలి గరగరమంటుంది. మీ గొంతు కోసం శ్రుతి ఒక స్వరం దించి వాయిస్తుంటే అసలే వద్దు, అప్పటికే వదులుగా ఉన్న స్ట్రింగ్ ఇంకా వదులైపోతుంది.

లోహం సంగతి త్వరగా చెప్తాను. 80/20 బ్రాంజ్ అంటే రాగి, జింక్, మోత ప్రకాశంగా ఉంటుంది కానీ తొందరగా మసకబారుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో రాగితో పాటు తగరం ఉంటుంది, కాస్త వెచ్చటి నాదం, ఎక్కువ రోజులు నిలుస్తుంది. తిరువాన్మియూరు, షోలింగనల్లూరు వైపు సముద్రపు గాలి తగిలేచోట ఉండేవాళ్లయితే, చేతికి చెమట ఎక్కువయితే, కోటెడ్ స్ట్రింగ్స్ (పైన సన్నటి రక్షణ పూత ఉన్నవి) తీసుకోండి. ధర బాగా ఎక్కువే, అయినా మామూలువి తుప్పుపట్టి మాటిమాటికీ మార్చడం కంటే ఇక్కడ ఇదే గిట్టుబాటు.

వేసేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మార్చండి, మెడ మీద లాగుడు ఒక్కసారిగా పోకుండా ఉంటుంది. బ్రిడ్జ్ పిన్‌కి ఉన్న గాడి స్ట్రింగ్ వైపు తిరిగి ఉండాలి. పిన్ నొక్కిపెట్టి స్ట్రింగ్‌ని పైకి లాగండి, చివరనున్న గుండు లోపల బిగుసుకున్నాకే తిప్పడం మొదలుపెట్టండి. ట్యూన్ చేశాక ఒక్కోదాన్నీ మెల్లగా పైకి సాగదీసి మళ్లీ ట్యూన్ చేయండి, మొదటి రోజు శ్రుతి దిగిపోతూనే ఉంటుంది.

సన్నవి వేశాక మెడ కుదురుకోవడానికి రెండు మూడు రోజులు ఇవ్వండి. లాగుడు తగ్గేసరికి మెడ కాస్త వెనక్కి వాలుతుంది, అప్పుడు మొదటి ఐదారు ఫ్రెట్‌లలో గరగర మొదలవ్వచ్చు. స్ట్రింగ్స్ మంచివి కావని తీసేయకండి, మెడ లోపల దాని వంపుని సరిచేసే లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, పావు తిప్పు కంటే తక్కువ వదులు చేస్తే చాలాసార్లు పోతుంది. అలవాటు లేకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి.