ఫీజు ఒక్కటే చూసి కాలేజీ ఖాయం చేయకండి

తమ్ముడి చదువు లెక్కలన్నీ నేనే చూశాను. ట్యూషన్ ఫీజు తక్కువని ఒక కాలేజీ ఖాయం చేశాం. తీరా హాస్టలు, పరీక్ష ఫీజులు, ప్రయాణాలు కలిపి చూస్తే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ముందు నాలుగేళ్ల మొత్తం ఖర్చు కాగితం మీద పెట్టండి. అందులోంచి తిరిగి కట్టక్కర్లేని సాయం మాత్రమే తీసేయండి. అప్పు సాయం కిందికి రాదు. మిగిలిన అంకెతోనే కాలేజీలను పోల్చండి.

స్కాలర్‌షిప్ ఎన్నేళ్లు ఇస్తారో, మార్కులు ఎంత తగ్గితే ఆపేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. మావాడికి రెండో ఏడాదే ఆగిపోయింది. ఆ షరతు మేం చదవనే లేదు.

అప్పు తప్పకపోతే ఒకేసారి తీసుకోవద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏటా 10 శాతం చక్రవడ్డీ అనుకోండి. మొదటి రోజే 100 తీసుకుంటే నాలుగేళ్లకు 146 దాటుతుంది. అలా కాకుండా ప్రతి ఏడాది మొదట్లో 25 చొప్పున తీసుకుంటే దాదాపు 128. చదువుతుండగానే వడ్డీ వరకైనా కట్టగలిగితే అప్పు పెరగదు.

పుస్తకాలు కొనేముందు లైబ్రరీలో, సీనియర్ల దగ్గర అడగండి. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వారి ఓపెన్‌స్టాక్స్ అనే సంస్థ 2012 నుంచి పాఠ్యపుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. అక్కడిదే ఎంఐటీ అనే యూనివర్సిటీ పాఠాలూ ఆన్‌లైన్‌లో ఉచితమే.

ఇంకొకటి: సాయం చాలకపోతే కాలేజీకి ఉత్తరం రాయండి. ఇంటి ఆదాయం తగ్గిందనడానికి కాగితాలు జతచేయండి. అడగడానికి మొహమాటపడి మేం ఒక ఏడాది సాయం పోగొట్టుకున్నాం.