ఆటలు, కసరత్తు, ట్రెక్కింగ్ పుస్తకాలు: కొనే ముందు ఏ పేజీలు తెరిచి చూడాలి

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడినా, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి వెళ్ళినా, ఫోన్‌లో ఆన్‌లైన్ షాపు తెరిచినా మనలో చాలామంది చేసేది ఒకటే. అట్ట మీద కండలు తిరిగిన మనిషినో మంచుకొండనో చూస్తాం, వెనక్కి తిప్పి ధర చూస్తాం, కొనేస్తాం. నవల అయితే అలా కొన్నా పెద్ద నష్టం లేదు, నచ్చకపోతే పక్కన పెట్టేస్తాం. ఒళ్ళు వంచి చేసే పనికి కొనే పుస్తకం అలా కాదు. అందులో ఉన్న తప్పు వచ్చి మన మోకాలి మీదో నడుం మీదో పడుతుంది.

నాకు ఇది అనుభవం మీదే తెలిసింది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు, పరిగెత్తాలని ఒక అమెరికన్ పుస్తకం కొని మే నెలలో మొదలుపెట్టాను. అందులో వారంవారం ఎంత దూరం, ఎంత వేగంతో పరిగెత్తాలో చక్కగా పట్టిక వేసి ఉంది. నేను విజయవాడలో పొద్దున్నే ఆరున్నరకి బందరు కాలువ పక్కన అదే వేగంతో పరిగెత్తితే నాలుగో కిలోమీటరు దగ్గర కళ్ళు తిరిగి గట్టు మీద కూర్చుండిపోయాను. నా ఒంట్లో బలం లేదేమో అనుకుని ఇంకో రెండు వారాలు అలాగే లాగాను. ఆ తర్వాత పుస్తకం మళ్ళీ మొదటి నుంచీ చదివితే, ఎండ గురించి, ఉక్కపోత గురించి ఒక్క పేరా కూడా లేదు. రాసినాయన చల్లటి ఊళ్ళో ఉంటాడు, ఆయన శిష్యులంతా చల్లటి ఊళ్ళలో పరిగెత్తేవాళ్ళే. పుస్తకం చెడ్డదేం కాదు. కాకపోతే మే నెలలో విజయవాడలో ఉన్న మనిషి కోసం రాసింది కాదు.

కాబట్టి పుస్తకం కంటే ముందు మీ సంగతి ఒక కాగితం మీద రాసుకోండి. "ఫిట్‌నెస్ మీద మంచి పుస్తకం ఏది" అని అడగడం, మెడికల్ షాపుకి వెళ్ళి మంచి మందు ఏది అని అడగడం లాంటిది. వయసెంత, వారానికి ఎన్ని రోజులు కుదురుతుంది, ఇంట్లో ఏం సామాను ఉంది, ఎక్కడ నొప్పి ఉంది, బీపీ, షుగర్ ఉన్నాయా, మూడు నెలల్లో ఏం చేయగలగాలి అనుకుంటున్నారు, ఇవన్నీ రాయండి. "48 ఏళ్ళు, షుగర్, వారానికి నాలుగు రోజులు 40 నిమిషాలు, రెండు డంబెల్స్, కుడి మోకాలు నొప్పి, మెట్లు ఆయాసం లేకుండా ఎక్కాలి" అని రాసుకున్న మనిషి చేతికి సిక్స్ ప్యాక్ పుస్తకం వస్తే ముట్టుకోకుండా పక్కన పెట్టేస్తాడు. అసలు ఏమీ చేయని స్థితి నుంచి మొదలుపెట్టేవాళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస లెక్క గుర్తుంచుకుంటే చాలు: వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చెమట పట్టే నడకలాంటిది, దానికి తోడు రెండు రోజులు కండరాలకి పని. పుస్తకం మొదటి వారంలోనే దీనికి రెండింతలు చేయమంటోందంటే అది మీ కోసం కాదు.

ఇక పుస్తకం చేతిలోకి తీసుకున్నాక మొదట తెరవాల్సింది లోపలి కాపీరైట్ పేజీ. "2022" అని పెద్దగా కనబడితే సరిపోదు. అది కొత్త ఎడిషనా, పాతదాన్ని మళ్ళీ అచ్చు వేశారా చూడండి. 1994లో రాసినదాన్ని 2022లో మళ్ళీ ముద్రిస్తే లోపలి సరుకు 1994దే. బ్యాడ్మింటన్ పుస్తకాల్లో ఇది చాలా తేలిగ్గా పట్టేయొచ్చు. సర్వీస్ గురించి ఉన్న పేజీ తెరవండి. షటిల్‌ని నడుం కంటే కింద కొట్టాలి అని మాత్రమే ఉంటే అది 2018కి ముందు మాట. ఆ ఏడాది నుంచి అంతర్జాతీయ పోటీల్లో కోర్టు నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తు దాటకుండా కొట్టాలి, ఆడేవాళ్ళు పొడుగువాళ్ళయినా పొట్టివాళ్ళయినా ఒకటే కొలత. స్కోరు పేజీలో గేమ్‌కి 15 పాయింట్లు, సర్వీస్ చేసేవాళ్ళకే పాయింటు అని ఉంటే అది 2006 కంటే ముందుది. మన గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచింది ఆ 15 పాయింట్ల పద్ధతిలోనే, ఫైనల్ స్కోరు 15-12, 15-6. 2016 రియో ఫైనల్లో సింధు ఆడింది 21 పాయింట్ల పద్ధతి. ఇందులో సర్వీస్ ఎవరిదైనా ప్రతి ర్యాలీకీ ఎవరో ఒకరికి పాయింటు వస్తుంది కాబట్టి ఎప్పుడు రిస్క్ తీసుకోవాలి అన్న లెక్కే మారిపోయింది. పాత పుస్తకంలో ఆట ప్లాన్ గురించి ఉన్న అధ్యాయాన్ని ఈ రోజు పిల్లవాడికి నేర్పితే వాడికి అన్యాయం చేసినట్టే. అదే పుస్తకంలో రాకెట్ పట్టుకునే తీరు, కాళ్ళ కదలిక మీద ఉన్న పాఠాలు మాత్రం ఇప్పటికీ బంగారమే, ఆ పేజీల కోసం పాత పుస్తకాన్ని వంద రూపాయలకి దొరికితే నేను తీసుకుంటాను. టేబుల్ టెన్నిస్‌లో కూడా అంతే, 2000లో బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లకి పెరిగింది, 2001లో గేమ్ 21 నుంచి 11 పాయింట్లకి తగ్గింది.

ఇంకో మాట, కేవలం రూల్స్ కోసం డబ్బు పెట్టి పుస్తకం కొనకండి. బ్యాడ్మింటన్ రూల్స్ ప్రపంచ సమాఖ్య వెబ్‌సైట్‌లో, క్రికెట్ నిబంధనలు వాటిని రాసే ఎంసీసీ క్లబ్బు దగ్గర ఉచితంగానే దొరుకుతాయి. డబ్బు పెట్టాల్సింది నేర్పే పుస్తకానికి.

రెండోది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది: ఆపమని చెప్పే పేజీ. పుస్తకం చివర పదసూచిక ఉంటే అందులో నొప్పి, గాయం, విశ్రాంతి అన్న మాటలు వెతకండి. ఏ నొప్పి వస్తే కొనసాగించవచ్చు, ఏది వస్తే ఆ రోజుకి ఆపేయాలి, ఏది వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి అని విడివిడిగా చెప్పిన రచయిత మనుషులకి నిజంగా నేర్పిన రచయిత. "నొప్పిని ఓర్చుకుంటేనే ఫలితం" అని ప్రతి అధ్యాయంలో గుచ్చి గుచ్చి చెప్పేవాళ్ళ పుస్తకాన్ని నేను కొనను. వారం రోజులు వైరల్ జ్వరం వచ్చి మంచం పడితే ప్లాన్‌లో ఎక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి? మనకి వానాకాలంలో ఇది రాక తప్పని ప్రశ్న. దీనికి జవాబు లేని 12 వారాల ప్లాన్ మూడో వారంలోనే అటకెక్కుతుంది. చీలమండ మెలిక పడితే ఏం చేయాలో కూడా చూడండి. ఐసు పెట్టి కదలకుండా పడుకోండి, అంతే అని ఉంటే అది పాత పాఠం. విశ్రాంతి, ఐసు, కట్టు, పైకెత్తడం అన్న ఆ నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐసు వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత ఆయనే రాశారు.

బయట తిరిగే పుస్తకాలకైతే పాముకాటు పేజీ ఒక్కటి చాలు. కాటు దగ్గర బ్లేడుతో కోసి రక్తం పీల్చమనో, పైన గట్టిగా తాడు కట్టమనో ఉంటే ఆ పుస్తకాన్ని అక్కడే వదిలేయండి, మిగతా పేజీలు ఎంత బాగున్నా సరే. కాటు పడిన చెయ్యో కాలో కదలకుండా చూసి, నడిపించకుండా, వీలైనంత త్వరగా యాంటీవెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళమని ఉండాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర తిరిగే నేల మీద నడిచేవాళ్ళం మనం, ఈ విషయంలో సర్దుకుపోవడానికి లేదు.

మూడోది, ఒక వ్యాయామం ఎలా చేయాలో చెప్పిన పేజీ. నేను దీన్ని మా అమ్మతో పరీక్షిస్తాను. ఇప్పటికీ అంతే. ఒక తెలుగు పుస్తకంలో కుర్చీ స్క్వాట్ పేజీని బొమ్మ చూపించకుండా గట్టిగా చదివాను, అమ్మ విని చేసింది. "కుర్చీ ముందు నిలబడి మోకాళ్ళు వంచి కూర్చుని లేవండి" అని మాత్రమే ఉంది. అమ్మ రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి, మోకాళ్ళు ముందుకి తోసి, చేత్తో కుర్చీ పట్టుకుని దబ్బున కూలబడింది. ఇంకో పుస్తకం తీశాను. అందులో పాదాలు భుజాల వెడల్పున పెట్టండి, వేళ్ళు కాస్త బయటికి తిప్పండి, వెనక ఉన్న పీటని తుంటితో వెతుకుతున్నట్టు ముందు నడుం కింది భాగాన్ని వెనక్కి పంపండి, మడమ లేవకూడదు, కుర్చీ తగిలీ తగలగానే లేవండి అని ఉంది. అమ్మ సరిగ్గా చేసింది, "మోకాలు నొప్పి లేదురా" అంది. రెండో పుస్తకం కొన్నాను. తెలుగులో కొనేటప్పుడు ఈ పరీక్ష ఇంకా అవసరం, ఎందుకంటే అనువాదం చేసినవాళ్ళు ఆ వ్యాయామం చేసి ఉండకపోతే కుడి ఎడమ అవుతుంది, ఊపిరి ఎప్పుడు వదలాలో తారుమారవుతుంది.

బొమ్మలు కూడా అందంగా ఉంటే చాలదు. బరువులెత్తే వ్యాయామానికి పక్క నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి ఉండాలి, మొదలు, మధ్య, చివర మూడూ కనబడాలి, మామూలుగా చేసే తప్పు కూడా బొమ్మలో చూపిస్తే మరీ మంచిది. ఒక్క ఫోటోలో ఒకాయన బరువు పైకెత్తి నవ్వుతుంటే అందులో మనం నేర్చుకునేది ఏమీ లేదు. ఏది తేలిక, ఏది కష్టం అన్న వరస కూడా తెలియాలి. 1966లో వచ్చిన బి.కె.ఎస్. అయ్యంగార్ గారి యోగా పుస్తకం లైట్ ఆన్ యోగాలో ప్రతి ఆసనానికీ 1 నుంచి 60 వరకూ ఒక అంకె ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ ఆసనం కష్టం. ఆ ఒక్క అంకె చూసుకుంటే మొదటి నెలలో దేని జోలికి పోకూడదో తెలిసిపోతుంది. ఇలాంటి ఏర్పాటు ఏదో ఒకటి లేని పుస్తకం కొత్తవాళ్ళకి పనికిరాదు.

విదేశీ పుస్తకం అయితే కొలతలు ముందే మార్చి పెన్సిల్‌తో పక్కన రాసుకోండి. మైలు అంటే 1.6 కిలోమీటర్లు, మైలుకి 10 నిమిషాలు అంటే కిలోమీటరుకి సుమారు 6 నిమిషాల 13 సెకన్లు. 45 పౌండ్ల బార్ అంటే మన జిమ్‌లో ఉండే 20 కిలోల బార్. తిండి అధ్యాయం అంతా మనింట్లో దొరకని సరుకుతో నిండి ఉన్నా పర్వాలేదు, ప్రోటీన్ ఎన్ని గ్రాములో చెబితే పప్పు, పెరుగు, గుడ్లతో లెక్క వేసుకోవచ్చు. కానీ రచయిత తన పేరు మీద అమ్మే పౌడరు డబ్బా దగ్గరికి ప్రతి అధ్యాయమూ తీసుకెళ్తుంటే అది పుస్తకం కాదు, పాంప్లెట్.

ట్రెక్కింగ్ పుస్తకాల్లో రెండు రకాలున్నాయి, వాటిని కలపకండి. ఎలా నడవాలి, ఏం సర్దుకోవాలి, మ్యాప్ ఎలా చదవాలి అని నేర్పేవి పదేళ్ళయినా పనికొస్తాయి. ఫలానా దారి, ఫలానా లాడ్జి అని చెప్పేవి రెండు మూడేళ్ళకే పాతబడతాయి, వరదకి వంతెన పోతుంది, పర్మిట్ నిబంధనలు మారతాయి. దారి పుస్తకం కొంటే రోజుకి ఎన్ని కిలోమీటర్లు అన్నదాని కంటే ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోబెడుతోందో చూడండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి రోజు ఉండాలి అన్నది వైద్యులు చెప్పే లెక్క. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్లు, ఆ దారిలో నామ్చే బజార్ సుమారు 3,440. అక్కడ రెండు రాత్రులు ఉంచకుండా తొందరగా పైకి తోసే ప్లాన్ ఉన్న పుస్తకం మీ సెలవు మిగిల్చినా కొనకండి. తలనొప్పి, వాంతి వస్తే ఇంక పైకి ఎక్కకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి అని స్పష్టంగా రాసి ఉందో లేదో కూడా చూడండి. అమెరికాలో ఉండి నేషనల్ పార్కులకి వెళ్ళే మనవాళ్ళు దారి పుస్తకం ఎంత కొత్తదైనా బయల్దేరే ముందు ఆ పార్కు వెబ్‌సైట్‌లో మూసేసిన దారులు చూసుకోవాలి.

మన దగ్గర దారి పుస్తకాలు తక్కువ. నల్లమల లాంటి చోట దొరికిన ఏ చిన్న పుస్తకమైనా, అది టైగర్ రిజర్వ్ అనీ, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళకూడదనీ చెప్పకపోతే నమ్మవద్దు. లోపల మ్యాప్ ఉంటే స్కేలు, ఉత్తరం గుర్తు, ఎత్తు గీతలు ఉన్నాయా చూడండి. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ 1:50,000 స్కేలులో కాగితం మీద 2 సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటరు. చేత్తో గీసిన బొమ్మలో ఈ లెక్క ఉండదు.

పుస్తకంతో అసలు నేర్చుకోకూడనివి కూడా ఉన్నాయి. ఈత, తాడుతో రాతి గుట్టలు ఎక్కడం, నేల మీద నుంచి భారీ బరువులు ఎత్తే డెడ్‌లిఫ్ట్. 2014 మే 25న 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ పొందింది భువనగిరి రాతి గుట్ట మీద, పక్కన కోచ్‌లు ఉండగా. ముడి ఎలా వేయాలో పుస్తకంలో చూడొచ్చు, మన ముడి సరిగ్గా పడిందో లేదో చూసి చెప్పే కళ్ళు మాత్రం పక్కన ఉండాలి. ఇలాంటివాటికి పుస్తకం కోచ్ చెప్పింది మర్చిపోకుండా ఇంటికొచ్చి చూసుకోవడానికి.

కొనడం గురించి చివరిగా, తొందర పడకండి. లైబ్రరీలో దొరికితే ముందు తెచ్చుకోండి, ఆన్‌లైన్‌లో నమూనా పేజీలు ఇస్తే విషయసూచికతో ఆగిపోకుండా మధ్యలో ఒక వారం ప్లాన్ పేజీ దొరుకుతుందేమో చూడండి. రివ్యూల్లో ఐదు నక్షత్రాలవి వదిలేసి మూడు నక్షత్రాలవి చదవండి, వాళ్ళు చాలావరకు పుస్తకం వాడి చూసి రాసినవాళ్ళు. తెచ్చుకున్నాక రెండు వారాలు పెన్సిల్ చేతిలో పెట్టుకుని చెప్పింది చెప్పినట్టు చేసి, ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ నొప్పి వచ్చిందో అంచులో తేదీ వేసి రాయండి. నా దగ్గరున్న రన్నింగ్ పుస్తకంలో ఇప్పుడు మే నెల వారాలన్నిటి పక్కనా వేగం కొట్టేసి "మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత, ఐదున్నరకల్లా మొదలు, ఏడు లోపల ఇంటికి" అని రాసి ఉంది. అదే పుస్తకంతో మరుసటి ఏడాది ఆగస్టులో 21.1 కిలోమీటర్లు పూర్తి చేశాను.