యూకే స్టేట్ పెన్షన్: ఎన్ఐ రికార్డు చూసుకోవడం, తగ్గిన సంవత్సరాలు నింపుకోవడం ఎలా?

యూకేలో జీతం తీసుకునేవాళ్ల పేస్లిప్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ పక్కనే నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్ఐ) కోత ఉంటుంది. మన డాక్టర్లు, నర్సులు, ఐటీ వాళ్లు చాలామంది దాన్ని ఇంకో పన్నులాగే చూసి వదిలేస్తారు. ఇండియా వచ్చేశాక మాత్రం ఆ డబ్బు వెనక్కి వస్తుందా అని అడుగుతారు. రాదు. పీఎఫ్‌లా విత్‌డ్రా చేసుకునే ఏర్పాటు అందులో లేదు. ఆ కోతకు ప్రతిఫలంగా వచ్చేది స్టేట్ పెన్షన్, అంటే వయసు వచ్చాక యూకే ప్రభుత్వం ఇచ్చే పెన్షన్. అందుకే తిరుగు టికెట్ కొనకముందే మీ ఎన్ఐ రికార్డు ఒకసారి తెరిచి చూడండి.

2016 ఏప్రిల్ 6 నుంచి పెన్షన్ వయసుకు వచ్చేవాళ్లకు కొత్త స్టేట్ పెన్షన్ వర్తిస్తుంది. ఎన్ఐ రికార్డులో కనీసం 10 సంవత్సరాలు నిండాలి. 2016 తర్వాతే యూకే వెళ్లినవాళ్లకు పూర్తి పెన్షన్ రావాలంటే 35 కావాలి. 2025-26లో పూర్తి పెన్షన్ వారానికి 230.25 పౌండ్లు. అంటే ఒక్కో సంవత్సరం విలువ వారానికి సుమారు 6.58 పౌండ్లు. అయితే 9 సంవత్సరాలే ఉంటే వచ్చేది సున్నా. ఇండియాలో కట్టిన పీఎఫ్ సంవత్సరాలను దీనికి కలపడం కుదరదు.

పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై మరుసటి ఏప్రిల్ 5న ముగుస్తుంది. ఏడాది పొడవునా పనిచేస్తేనే సంవత్సరం నిండుతుందనుకుంటారు గానీ అసలు చూసేది సంపాదన. 2025-26లో ఒక ఉద్యోగంలో జీతం మీద 6,500 పౌండ్లు దాటితే ఆ సంవత్సరం నిండినట్టే. సెప్టెంబర్‌లో మంచి జీతంతో చేరినవాళ్లకు ఆ మొదటి సంవత్సరం కూడా లెక్కలోకి వస్తుంది. ఇండియా కంపెనీయే కొంతకాలానికి పంపితే మాత్రం మొదట్లో కొంతకాలం ఎన్ఐ మినహాయింపు ఉంటుంది, కాబట్టి ఆ కాలం ఖాళీగా కనిపించొచ్చు.

చూసే విధానం సులువే. గవ్.యూకే సైట్‌లో 'చెక్ యువర్ స్టేట్ పెన్షన్ ఫోర్‌కాస్ట్' పేజీకి వెళ్లి లాగిన్ అవ్వాలి. యూకే పన్నుల శాఖ హెచ్‌ఎమ్‌ఆర్‌సీ యాప్‌లోనూ చూడొచ్చు. గుర్తింపు కోసం పాస్‌పోర్ట్, పేస్లిప్, పీ60 (ఏడాది జీతం, కోతల వివరాలతో కంపెనీ ఇచ్చే పత్రం) లాంటివి దగ్గర పెట్టుకోండి. లాగిన్ కోడ్ మీ యూకే మొబైల్‌కే వస్తుంటే, ఆ సిమ్ మానేసేలోపు ఆథెంటికేటర్ యాప్‌కి మార్చుకోండి. ఈ చిన్న పని మరిచిపోతే ఇండియా నుంచి లాగిన్ అవ్వడం పెద్ద టెన్షన్. ఆన్‌లైన్ కుదరనివాళ్లు బీఆర్19 ఫారం పోస్టులో పంపి ఫోర్‌కాస్ట్ తెప్పించుకోవచ్చు.

తెర మీద ముందు పెద్ద అక్షరాల్లో వారానికి ఇన్ని పౌండ్లు అని కనిపిస్తుంది. తిరిగి వచ్చేవాళ్లు దాన్ని చూసి మురిసిపోవద్దు. పెన్షన్ వయసు దాకా మీరు యూకేలోనే కడుతూ ఉంటారన్న ఊహతో వేసిన అంకె అది. కాస్త కిందికి వస్తే, ఫలానా ఏప్రిల్ 5 నాటికి ఉన్న రికార్డు ప్రకారం ఎంత అనేది వేరే ఉంటుంది. మీరు పట్టుకోవాల్సింది ఆ అంకె. తర్వాత ఎన్ఐ రికార్డు లింకు నొక్కితే సంవత్సరాలు వరుసగా వస్తాయి. ఒక్కోదాని పక్కన 'ఫుల్ ఇయర్' అనో, 'నాట్ ఫుల్' అనో ఉంటుంది. నిండనిదాన్ని తెరిస్తే ఎంత తక్కువ పడింది, ఎంత కడితే నిండుతుంది, ఏ తేదీలోపు కట్టాలి అన్నీ ఉంటాయి. పనిచేసిన సంవత్సరమే ఖాళీగా కనిపిస్తే పీ60 తీసి హెచ్‌ఎమ్‌ఆర్‌సీకి రాయండి. పాత పీ60లు పారేయకండి.

మామూలుగా గడిచిన ఆరు సంవత్సరాల ఖాళీలు నింపుకునే వీలుంది. 2025-26లో స్వచ్ఛందంగా కట్టే ఎన్ఐలో క్లాస్ 3 అనే రకం వారానికి 17.75 పౌండ్లు, ఏడాదికి 923. దానివల్ల ఏటా పెరిగే పెన్షన్ సుమారు 342 పౌండ్లు. పెన్షన్ మొదలయ్యాక మూడేళ్లలోపే పెట్టింది తిరిగొస్తుంది కాబట్టి ఇది మంచి బేరమే. అయినా కట్టేముందు ఫ్యూచర్ పెన్షన్ సెంటర్‌కి ఫోన్ చేసి, ఆ సంవత్సరం నింపితే నిజంగా పెన్షన్ పెరుగుతుందా అని అడగండి. 2016కి ముందు నుంచి పనిచేసినవాళ్లకు ఒక్కోసారి పెరగదు.

విదేశాల నుంచి కట్టేందుకు సీఎఫ్83 దరఖాస్తు పెట్టాలి. ఇక్కడే నిబంధన మారింది. ఇదివరకు చాలామంది వారానికి మూడున్నర పౌండ్ల క్లాస్ 2తో సరిపెట్టుకునేవారు. 2026-27 నుంచి విదేశాల్లో గడిపే కాలానికి అది లేదు, క్లాస్ 3 ఒక్కటే. దానికీ యూకేలో వరుసగా పదేళ్లు ఉండి ఉండాలి, లేదా పదేళ్ల ఎన్ఐ కట్టి ఉండాలి. ఏడెనిమిదేళ్లకే సర్దుకుని వచ్చేద్దామనుకునేవాళ్లు ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి.

డిపెండెంట్ వీసా మీద ఉండి ఉద్యోగం చేయని భార్యకో భర్తకో ఆ సంవత్సరాలు ఖాళీగానే పోతాయి. వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ ఆర్థిక సాయం) ఆంక్ష ఉన్నంతకాలం, పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ అడగకూడదు. పీఆర్ వచ్చాక మాత్రం ఇంట్లో పిల్లల్ని చూసుకునేవారి పేరు మీద తప్పక దరఖాస్తు పెట్టండి. జీతం ఎక్కువని డబ్బు వద్దనుకున్నా, బిడ్డకు 12 ఏళ్లు వచ్చేదాకా ఎన్ఐ క్రెడిట్లు (కట్టకుండానే రికార్డులో చేరేవి) పడతాయి. స్టేట్ పెన్షన్ మాత్రం పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు, కాబట్టి వీసా గురించి భయం అక్కర్లేదు.

పెన్షన్ దానంతటది మొదలవదు, అడగాలి. 1961 మార్చి 6 నుంచి 1977 ఏప్రిల్ 5 దాకా పుట్టినవాళ్లకు వయసు 67, ఆ తర్వాత పుట్టినవాళ్లకు అది పెరిగి 68 దాకా వెళ్తుంది. ఇండియాలో ఉంటే ఆ వయసుకు నాలుగు నెలల ముందు నుంచి ఇంటర్నేషనల్ పెన్షన్ సెంటర్‌కి దరఖాస్తు చేయొచ్చు, డబ్బు ఇక్కడి బ్యాంకు ఖాతాలోకే తెప్పించుకోవచ్చు. యూకేలో ఏటా పెన్షన్ పెరిగినా ఇండియాలో ఉండేవాళ్లకు మొదట ఇచ్చిన మొత్తం దగ్గరే ఆగిపోతుంది. బ్రిటన్ ప్రభుత్వం ఎన్నాళ్లుగానో సాగిస్తున్న ఈ పద్ధతి అన్యాయమనే నేనంటాను. అప్పుడప్పుడు లైఫ్ సర్టిఫికెట్ ఫారం పోస్టులో వస్తుంది. సాక్షి సంతకంతో తిరిగి పంపకపోతే చెల్లింపు ఆపేస్తారు, అందుకే ఇల్లు మారినప్పుడల్లా కొత్త అడ్రస్ వాళ్లకు తెలియజేయండి.