బెజవాడ నుంచి వైజాగ్: రెండు రోజుల్లో కారులో వెళ్ళి రావడం ఎలా

ముందే ఒక మాట. శని, ఆదివారాల్లో వైజాగ్ అంటే వైజాగే, అరకు కాదు. గ్యాంగ్‌లో ఒకడు ఖచ్చితంగా "ఎలాగూ అంతదూరం వెళ్తున్నాం కదా, అరకు కూడా కొట్టేద్దాం రా" అంటాడు. వాడి సంగతి బయల్దేరక ముందే తేల్చేయండి. వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు, మధ్యలో బొర్రా గుహల దగ్గర ఆగితే పోనూ రానూ రోజంతా దానికే అయిపోతుంది, అదే రాత్రి మళ్ళీ 350 కిలోమీటర్లు బెజవాడకి కారు ఎవడు నడుపుతాడు? అరకు కోసం ఇంకోసారి వెళ్ళండి, అదీ విశాఖ నుంచి కిరండూల్ రైల్లో, సొరంగాలు చూసుకుంటూ. ఈసారికి ఊరూ సముద్రమూ చాలు.

శుక్రవారం రాత్రి ఆఫీసు అవ్వగానే బయల్దేరదాం అనేది చాలామంది ప్లాను. వద్దు. రోజంతా పని చేసినవాడు రాత్రి హైవే మీద లారీల మధ్య నడపడం ఒక టెన్షన్ అయితే, తెల్లవారుజామున 4 గంటలకి వైజాగ్‌లో దిగి రూమ్ ఇవ్వకపోతే రిసెప్షన్ సోఫాల మీద పడుకోవడం ఇంకో తలనొప్పి. చాలా హోటళ్ళలో చెకిన్ మధ్యాహ్నమే. శుక్రవారం రాత్రి త్వరగా పడుకుని శనివారం 4, 4:30కి బయల్దేరితే ఆగుతూ వెళ్ళినా 11, 12 మధ్యలో ఊళ్ళో ఉంటారు.

కారు గురించి ఎక్కువ చెప్పను, టైర్లలో గాలి, స్టెప్నీ, జాకీ చూసుకోండి, ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజీలాకర్‌లో ఉంచుకోండి. ఫాస్టాగ్‌లో డబ్బు ముందురోజే వేయండి. పొట్టిపాడు, కలపర్రు, కృష్ణవరం, వేంపాడు, ఇలా టోల్‌గేట్లు వస్తూనే ఉంటాయి, ట్యాగ్ పనిచేయకపోతే ఎక్కువ కట్టాలి. సొంత కారుకి ఫాస్టాగ్ ఏడాది పాస్ ఉంటే జాతీయ రహదారుల టోల్ గొడవే లేదు, గ్యాంగ్‌లో ఎవరి కారుకి అది ఉందో వాడి కారే తీయండి. హైవే మీద కారు ఆగిపోతే 1033కి ఫోన్ చేయాలి, ఆ నంబర్ అందరి ఫోన్లలో ఉండాలి.

నడిపేవాళ్ళు కనీసం ఇద్దరు. ఒక్కడికే డ్రైవింగ్ వచ్చిన గ్యాంగ్ అయితే నిజం చెప్తున్నా, రైలెక్కండి. రత్నాచల్ ఉంది, రాత్రి రైళ్ళు బోలెడు ఉన్నాయి, ఊళ్ళో ఆటోలు, క్యాబ్‌లు ఉన్నాయి.

ఇక దారి. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర రెండు దార్లు. ఒకటి నల్లజర్ల, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా గోదావరి నాలుగో వంతెన ఎక్కిస్తుంది. రెండోది తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి, ఇలా గోదారి రెండు పాయలూ దాటిస్తుంది. వెళ్ళేటప్పుడు కొవ్వూరు దారి పట్టండి, దూరం తక్కువ, ఊళ్ళ రద్దీ తక్కువ. 4:30కి బయల్దేరితే ఏడున్నర ప్రాంతంలో గోదావరి మీద ఉంటారు, ఆ వేళకి ఎండ నీళ్ళ మీద పడుతూ ఉంటుంది, వంతెన మీద మాత్రం కారాపి సెల్ఫీలు దిగకండి, వెనకనుంచి లారీలు మామూలు స్పీడులో రావు. టిఫిన్ రాజమండ్రి దగ్గర కానిచ్చి డ్రైవర్ మారండి. రోజ్‌మిల్క్ కోసం ఊళ్ళోకి వెళ్తే గంట పోతుంది, అది మీ ఇష్టం.

అన్నవరం దగ్గర కొండెక్కే టైమ్ లేకపోతే హైవే పక్కనే ప్రసాదం కౌంటర్లున్నాయి. విస్తరాకు పొట్లంలో గోధుమనూక ప్రసాదం, వేడిగా ఉండగా కార్లోనే తినేయండి, ఇంటికి కావలసింది వచ్చేటప్పుడు కొనుక్కోవచ్చు.

అనకాపల్లి దాటే ముందు మ్యాప్ ఒకసారి చూసుకోండి, ఇక్కడే చాలామంది తికమక పడతారు. సబ్బవరం మీదుగా ఆనందపురం పోయే బైపాస్ ఒకటి ఉంది. మీ రూమ్ భీమిలి వైపో రుషికొండ వైపో ఉంటే అదే మంచిది. బీచ్ రోడ్డు దగ్గరైతే గాజువాక, ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా తిన్నగా ఊళ్ళోకి వెళ్ళండి, గాజువాకలో స్టీల్‌ప్లాంటు, పోర్టు లారీలతో నెమ్మదిగా కదులుతుంది, దానికి అరగంట అదనంగా వేసుకోండి.

రూమ్ విషయంలో నా సలహా పాండురంగాపురం, సిరిపురం చుట్టుపక్కల చూడమని. సముద్రం కనబడే బాల్కనీకి రెట్టింపు డబ్బులు పోయడం దండగ, ఆ బాల్కనీలో మీరు కూర్చునేది ఎంతసేపు? ఇక్కడైతే బీచ్‌కి నడిచి వెళ్ళొచ్చు, కారు పార్కింగ్‌లో వదిలేసి శనివారం రాత్రంతా దాన్ని మర్చిపోవచ్చు. బుక్ చేసేముందు ఫోన్ చేసి మూడు అడగండి: కారుకి చోటుందా, ఒక రూమ్‌లో ఎంతమందిని ఉండనిస్తారు, అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి వస్తే అభ్యంతరమా. యాప్‌లో డబ్బు కట్టేసి, అక్కడికి వెళ్ళాక కౌంటర్ దగ్గర గొడవపడటం కంటే ఈ మూడు ప్రశ్నలు నయం. అందరి ఆధార్ అడుగుతారు, ఒక్కడిది సరిపోదు.

శనివారం మధ్యాహ్నం తిని కాసేపు పడుకోండి, ముఖ్యంగా కారు నడిపినవాళ్ళు. సాయంత్రం ఆర్కే బీచ్. కురుసుర సబ్‌మెరైన్ లోపలికి తప్పకుండా వెళ్ళాలి, 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన అసలు జలాంతర్గామి అది, 1971 యుద్ధంలో కూడా ఉంది. 91 మీటర్ల పొడవున్నా లోపల ఒకరి వెనక ఒకరు వంగి నడవాల్సిందే. అందులో నెలల తరబడి మనుషులు ఎలా బతికారో చూస్తే మీ రూమ్ ఇరుకు గురించి ఇంకెవరూ మాట్లాడరు. ఎదురుగానే టీయూ-142 విమానం మ్యూజియం. సోమవారం కురుసురకి సెలవు, కాబట్టి లాంగ్ వీకెండ్ వాళ్ళు దీన్ని చివరి రోజుకి పెట్టుకోకండి. తర్వాత మూరీ మిక్చర్ తింటూ ఇసుకలో కూర్చోవడమే.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఆర్కే బీచ్‌లో, యారాడలో కాళ్ళు తడుపుకోవడం వరకే. పైకి ప్రశాంతంగా కనబడుతుంది కానీ లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, కుర్రాళ్ళు కొట్టుకుపోయారన్న వార్త ఆ తీరానికి కొత్త కాదు. ఈత వచ్చు అనేవాడి మాట అసలు వినకండి, చెరువులో ఈత వేరు. స్నానం చేయాలనుంటే రుషికొండ వెళ్ళండి, శుభ్రతకీ భద్రతకీ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్, లైఫ్‌గార్డులుంటారు, వాళ్ళు వెనక్కి రమ్మంటే వచ్చేయండి. మందు తాగినవాడు నీళ్ళలోకి దిగకూడదు, స్టీరింగ్ ముట్టకూడదు. మర్నాడు పొద్దున నడపాల్సినవాడు శనివారం రాత్రి గ్లాసు పట్టకుండా ఉంటే చాలా మంచిది.

ఆదివారం ఆరింటికి లేవగలిగితే భీమిలి రోడ్డు మీ సొంతం. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, పాతిక ముప్ఫై కిలోమీటర్లు. దార్లో తెన్నేటి పార్కు, 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకి బంగ్లాదేశ్ సరుకు ఓడ 'మా' కొట్టుకొచ్చి ఇక్కడే ఇసుకలో ఇరుక్కుంది. ఆపైన రుషికొండ, తర్వాత తొట్లకొండ, కొండమీద బౌద్ధ ఆరామం శిథిలాలు, అక్కడినుంచి సముద్రం కనబడే తీరు కైలాసగిరి కంటే నాకు ఎక్కువ నచ్చుతుంది, జనం కూడా తక్కువ. కైలాసగిరికి ఆదివారం సాయంత్రం వెళ్తే మాత్రం పార్కింగ్‌కే సగం ఓపిక పోతుంది. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ సమాధులు చూసి వెనక్కి తిరగండి. సింహాచలం వెళ్ళాలనుకునేవాళ్ళు ఆ దర్శనాన్ని భీమిలి బదులు పెట్టుకోవాలి, రెండూ కుదరవు.

మధ్యాహ్నం 2 కల్లా బయల్దేరండి. అనకాపల్లిలో బెల్లం కొనుక్కోవచ్చు, మాడుగుల హల్వా కూడా ఈ వైపుదే. ఈసారి రావులపాలెం దారి పట్టారంటే ఆత్రేయపురం పూతరేకులు దొరుకుతాయి, చీకటి పడకముందే అక్కడికి చేరితే బాగుంటుంది.

లెక్కలు. పోనూ రానూ 700, ఊళ్ళో తిరిగేది 100, మొత్తం 800 కిలోమీటర్లు. లీటరుకి 15 ఇచ్చే కారైతే 53 లీటర్లు, లీటరు 110 చొప్పున దాదాపు 6 వేలు, ఐదుగురుంటే తలా 1,200. టోలు, రూము, తిండి వేరే. అందరి దగ్గరా తలా కొంత ముందే వసూలు చేసి ఒకడి చేతిలో పెట్టండి, టీ నుంచి పెట్రోలు దాకా వాడే కట్టాలి. కారు ఇచ్చినవాడి దగ్గర పెట్రోలు వాటా తీసుకోకపోవడం మర్యాద, అప్పుడు మిగతా నలుగురికీ తలా 1,500 దాకా పడుతుంది. మిగిలింది ఎంతో, తగ్గింది ఎంతో ఏలూరు దాటేలోపు తేల్చేసి ఫోన్‌పేలో కొట్టేయండి. బెంజి సర్కిల్‌లో దిగిపోయాక "రేపు పంపిస్తా రా" అన్న డబ్బు వచ్చిన దాఖలాలు తక్కువ.